ఛార్జింగ్ తప్ప మరేమీ చేతకాని కేబుల్‌కు బహిరంగ లేఖ

సొరుగులో చుట్ట చుట్టుకుని పడున్న నల్ల కేబుల్‌కి,

నిన్ను చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నీ పక్కనున్న కేబుల్‌దీ అదే రంగు, అదే పొడవు, అవే పిన్నులు. అది ఫొటోలు మోస్తుంది, నువ్వు మోయవు. ఆ ముక్క నీ ఒంటి మీద ఎక్కడా రాసుండదు. చెడిపోయిన వస్తువుతో నాకు పేచీ లేదు, చెడిపోతే పారేస్తాం. నువ్వు చెడిపోలేదు. నిన్ను పుట్టించడమే సగం వైర్లతో పుట్టించారు.

తెనాలిలో మా బాబాయి కెమెరా దగ్గర నీ నిర్వాకం చూడు. షష్టిపూర్తి ఫొటోలు కంప్యూటర్‌లోకి దించుకుందామని ఆయన నిన్ను తగిలించారు. కెమెరా మీద ఆరెంజ్ లైటు వెలిగింది. లైటు వెలిగాక కేబుల్‌ని ఎవరు అనుమానిస్తారు? కంప్యూటర్ మాత్రం కిక్కురుమనలేదు. ఎవరో విండోస్ మళ్ళీ వేయాలన్నారు, వేయించారు. తప్పు నీది, శిక్ష విండోస్‌కి. ఆ తర్వాత ఇంకొకరు కెమెరా బోర్డు మార్చాలన్నారట.

"బోర్డు సంగతి తర్వాత బాబాయ్, ముందు ఆ కేబుల్‌తో మీ ఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టండి. లాక్ తీసి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని ఏమైనా అడుగుతుందేమో చూడండి."

"ఛార్జింగ్ ఎక్కుతోంది రా. ఇంకేం అడగట్లేదు."

అక్కడే దొరికిపోయావు.

యూఎస్‌బీ 2.0 కేబుల్ లోపల నాలుగు వైర్లుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి; తెలుపు, ఆకుపచ్చ డేటాకి. నీలో రెండో జత లేదు. కంప్యూటర్‌లో దూర్చే వైపు నోట్లోకి తొంగి చూస్తే నాలుగు బంగారు రంగు రేకులు కనిపించాలి. రెండు చివరల ఉన్నవి కొంచెం పొడుగు, కరెంటు ముందు అందాలని. మధ్యలోవి పొట్టి, డేటావి. నీ జాతిలో కొన్నిటికి ఆ మధ్య రేకులే ఉండవు. మరికొన్నిటికి రేకులుంటాయి, వెనక వైరుండదు. ఆ రెండో రకం మరీ మోసం.

కెమెరా తన రాకను తెలిపేది ఆ డేటా వైరు మీదే. దాని లోపల 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఆ వైరు వోల్టేజీని పైకి లాగుతుంది. కంప్యూటర్‌కి అది కాలింగ్ బెల్లు. బెల్లు విన్నాకే "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. నీ దగ్గర బెల్లుకి వైరే లేదు కాబట్టి గుమ్మంలో కెమెరా నిలబడి ఉన్నా లోపలివాళ్ళకి తెలీదు.

అందుకే "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని తెర మీద పడితే నేను ఒక రకంగా సంతోషిస్తాను. బెల్లు మోగింది, జవాబే సరిగ్గా రాలేదు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 కనిపించేది తరచు అప్పుడే. హబ్ తీసేసి క్యాబినెట్ వెనక పోర్టులో పెట్టాలి, బ్యాటరీ నిండా ఎక్కించాలి, ఆ ఎంట్రీని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ తగిలించాలి, కేబుల్ మార్చి చూడాలి. ఇవి నీ ఖాతాలో వేయను. అసలేమీ పడకపోతే మాత్రం, కెమెరా ఆన్‌లో ఉందని చూసుకుని, నా చెయ్యి నేరుగా నీ మీదికే వస్తుంది.

ఇంకో చిక్కుకీ నిన్ను తిట్టను. మంచి కేబుల్ పెట్టాక కూడా బాబాయి ఈ డ్రైవు, ఎఫ్ డ్రైవు అంటూ వెతికారు. కెమెరా పీటీపీ లేదా ఎమ్‌టీపీ పద్ధతిలో మాట్లాడుతుంటే దానికి డ్రైవు అక్షరం రాదు; దిస్ పీసీలో కెమెరా పేరుతోనే కనిపిస్తుంది. పెన్‌డ్రైవులా కావాలంటే, కెమెరా మెనూలో మాస్ స్టోరేజ్ ఉంటే అది ఎంచుకోవాలి. అన్ని కెమెరాల్లోనూ ఉండదు.

నిజానికి మీ వంశంతోనే పని లేకుండా చేసే దారి ఒకటుంది: కార్డు తీసి రీడర్‌లో పెట్టడం. డీసీఐఎమ్ ఫోల్డర్ తెరిస్తే ఫొటోలన్నీ అక్కడే. అయితే 64 జీబీ కార్డుల్లో మామూలుగా ఉండేది ఎక్స్‌ఫ్యాట్. పాత విండోస్ ఎక్స్‌పీకి విడిగా అప్‌డేట్ వేస్తే తప్ప అది అర్థం కాదు. అర్థం కానప్పుడు "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. షష్టిపూర్తి మొత్తం ఆ ఒక్క నొక్కుతో పోతుంది. క్యాన్సిల్ కొట్టి, కార్డు ఇంకో కంప్యూటర్‌లో పెట్టుకోవాలి.

నిన్ను అమ్మేవాళ్ళని ఒకటే అడుగుతాను: ప్యాకెట్ మీద కాదు, కేబుల్ మీదే "ఛార్జింగ్‌కి మాత్రమే" అని అచ్చు వేయండి. ప్యాకెట్ ఆ రోజే చెత్తబుట్టలోకి పోతుంది, కేబుల్ ఏళ్ళ తరబడి సొరుగులో ఉంటుంది.

వాళ్ళు వేసేదాకా ఆగకుండా నీ మెడకి ఎర్ర టేపు చుట్టమని బాబాయికి చెప్పాను. పారేయనివ్వలేదులే. వాళ్ళింట్లో దోమల బ్యాటుకి ఛార్జింగ్ కేబుల్ లేదట, రేపటినుంచి నీ డ్యూటీ అక్కడ.

ఇట్లు,
రెండో కొస దగ్గర కూర్చున్నవాడు