ఉక్కపోత లెక్కకు రాదు

మధ్యాహ్నపువేళ బందరులోనికి వేంచేయు సముద్రపుగాలి, జనుల నాపాదమస్తకము చెమటతో అభిషేకించి, ఆ చెమటను ఆరనీయక అట్లే నిలుపుటయందు చూపు శ్రద్ధ, వాతావరణ శాఖవారి దృష్టికి వచ్చినట్లు తోచదు. మైదానమున 40 డిగ్రీలు, సముద్రతీరమున 37 డిగ్రీలైనను చేరనిదే వడగాలి యను మాటను వారు తలపెట్టరు. అంతవరకు మనము ఉడుకుట అనధికారికమని గ్రహించునది. (అన్నట్లు, వారి ఉష్ణమాపకము తెల్లరంగు వేసిన గూటిలో, నీడపట్టున, గాలి ధారాళముగా ఆడునట్లు కాపురముండును. పక్కనే తడిగుడ్డ చుట్టుకొని మఱియొకటి గలదు. మన బాధ నెఱిగినది అదియే గాని, వడగాలి వ్యవహారమున దాని సాక్ష్యము చెల్లదు.)

అనంతపురమున అమృతోపమానమైన ఎయిర్ కూలరును చూచి మోజుపడిన బందరు గృహస్థు డొకడు, దానిని తెచ్చి, తడకలకు నీరుపట్టి, స్విచ్చి వేయగా, అప్పటికే కడుపునిండ నీరు త్రాగియున్న గాలి క్రొత్త యావిరి నొల్లక, దానిని గృహస్థునిపైననే విడిచినది. అప్పడములు మెత్తబడినవి, జాడీలోని ఉప్పు నీరుగారినది. దుకాణదారు నడుగబోగా, ఆ మహానుభావుడు తన ఏసీ గది తలుపు కొంచెమే తెఱచి, "కిటికీలు తీసి పెట్టుకోండి బాబుగారూ!" అని సెలవిచ్చి, చల్లదనము పోవునని వెంటనే మూసికొనెను.