స్కాన్ రిపోర్టుకు దిల్‌సుఖ్‌నగరీయ వ్యాఖ్య

అవతారిక

వ్యాఖ్య రాసేవాడు ముందుగా కావ్యం ఎక్కడ పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో చెప్పాలన్నది ఆచారం. ప్రస్తుత కావ్యం దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికింది. సాయిబాబా గుడి దాటి చైతన్యపురి వైపు పోయే సందుల్లో, ఒక నెట్ సెంటర్‌లో, మూడో సిస్టమ్ డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్ ఫైలుగా పడి ఉంది. కవి ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. యతిప్రాసల ఊసు లేదు గాని, ప్రతి పాదంలోనూ బాణం గుర్తులు మాత్రం తప్పవు.

రఘువంశానికీ మేఘసందేశానికీ వ్యాఖ్యానం చేసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట వరకే పూచీ పడతాడు. రెండోది దిల్‌సుఖ్‌నగర్‌లో కుదిరే పని కాదు.

కావ్యకాలం 2011 ప్రాంతం. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రావడానికి ఇంకా ఏడేళ్లుంది. రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్లు, వాటి వెనక హాస్టళ్లు, హాస్టళ్ల కింద నెట్ సెంటర్లు. ఎంసెట్ దరఖాస్తు పెట్టాలన్నా, గ్రూప్స్ హాల్ టికెట్ తీయాలన్నా, డీఎస్సీ ఫలితం చూడాలన్నా చివరికి చేరేది ప్లైవుడ్ గూట్లో ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికే.

మూలం

పాలసీస్ / సిస్టమ్ / డిజేబుల్ టాస్క్ మేనేజర్ (పీయూఎం. హైజాక్. టాస్క్ మేనేజర్) → బ్యాడ్: (1) గుడ్: (0) → క్వారంటైన్డ్ అండ్ రిపేర్డ్ సక్సెస్‌ఫుల్లీ.

ప్రతిపదార్థం

పాలసీస్ = విండోస్ రిజిస్ట్రీ యను భాండాగారమునందు యజమాని యాజ్ఞలు దాచు అరలో; సిస్టమ్ = ఆ అరలోని చిన్న అరయందు; డిజేబుల్ టాస్క్ మేనేజర్ = కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలు ఒక్కుమ్మడి నొక్కినను టాస్క్ మేనేజర్ తెరుచుకొనకుండు గాక యను శాసనము; పీయూఎం = పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ మాడిఫికేషన్, అనగా అక్కరలేనిదై యుండునేమో యని శంకింపబడిన మార్పు; హైజాక్ = దారిదోపిడి; బ్యాడ్ 1 = ఒకటి యుండుట చెడు; గుడ్ 0 = సున్న యుండుట మంచి; క్వారంటైన్డ్ = వెలివేయబడెను; రిపేర్డ్ = బాగుచేయబడెను; సక్సెస్‌ఫుల్లీ = యజమాని ఛాయ్ తాగి వచ్చులోపల.

అలంకారం: విరోధాభాసం. కారణం కింద తెలుస్తుంది.

తాత్పర్యం

ఆ ఒకటిని అక్కడ వేసింది సెంటర్ యజమానే. గంటకు ఇంతని లెక్క కట్టే టైమర్ ప్రోగ్రాం ప్రతి సిస్టమ్‌లోనూ ఓ మూల నడుస్తూ ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి, దాన్ని పట్టుకుని, ఎండ్ ప్రాసెస్ నొక్కితే కాలం ఆగిపోతుంది. కాలాన్ని జయించడానికి ఇంత తేలిక దారి ఉందని హాస్టల్ కుర్రాళ్లకు ఎవరు ఉపదేశించారో గాని, పొద్దున ఒకడికి తెలిస్తే సాయంత్రానికి సెంటరంతా సిద్ధపురుషులే. అందుకని యజమాని ఒకటి వేశాడు. ఆ చేత్తోనే కంట్రోల్ ప్యానెల్ మూశాడు. స్టార్ట్ మెనూలోంచి రన్ తీసేశాడు. రిజిస్ట్రీ ఎడిటర్‌కు తాళం పెట్టాడు. దరఖాస్తు నింపుతున్న అమ్మాయి ముందు మాటిమాటికీ హెచ్చరికల బుడగలు లేవకుండా విండోస్ సెక్యూరిటీ సెంటర్ నోరు కూడా నొక్కాడు.

ఒక ఆదివారం పొద్దున కౌంటర్‌లో కూర్చునే పిల్లవాడు ఖాళీగా ఉండి స్కాన్ కొట్టాడు. తెర నిండా ఎర్ర వరసలు. అన్నిటికీ టిక్ పెట్టి కింద మీట నొక్కాడు.

“అన్నా, మన సిస్టమ్‌లన్నిట్ల వైరస్‌లు వచ్చినయ్. అన్నీ కొట్టేసిన.”

“అవి వైరస్‌లు గావురా, నేను పెట్టినయ్!”

“మరి బ్యాడ్ అని ఎందుకు రాసిండన్నా?”

పిల్లవాడు అడిగినదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. శాస్త్రమంతా అక్కడే ఉంది.

పూర్వపక్షం

సాఫ్ట్‌వేర్ తరఫున చెప్పవలసింది చాలానే ఉంది. 2005లో ఇండోనేషియాలో పుట్టిన బ్రోంటాక్ అనే పురుగు సిస్టమ్‌లోకి దూరగానే ఫోల్డర్ ఆప్షన్స్‌ను మాయం చేసి రిజిస్ట్రీ ఎడిటర్‌ను మూసేసేది. మరుసటేడు యాహూ మెసెంజర్ మీద పాకిన సోహనాడ్ టాస్క్ మేనేజర్‌నే మూసేసేది. తమను చూసి ఆపగలిగిన కిటికీలేవో వాటికి తెలుసు, ముందు వాటినే మూస్తాయి. అందుకు వాడుకునేది కూడా అదే అర, అదే పేరు, అదే ఒకటి. పురుగు వేసిన ఒకటికీ యజమాని వేసిన ఒకటికీ రూపంలో భేదం లేదు. ఫలానావాడు వేశాడు, ఫలానా పనికి వేశాడు అని పక్కన రాసుకోవడానికి రిజిస్ట్రీలో చోటూ లేదు.

కాబట్టి స్కానర్‌కు క్రియ కనిపిస్తుంది, కర్త కనిపించడు. వాక్యంలో కర్త లోపిస్తే వ్యాఖ్యాత సందర్భం చూసి తగిన కర్తను అధ్యాహారం చేసుకుంటాడు. స్కానర్ ప్రతిసారీ దొంగనే అధ్యాహారం చేసుకుంటుంది. దాని వృత్తి అది. యజమాని మంచివాడేమో అనుకుంటూ కూర్చునే స్కానర్ ఎవరికి కావాలి? తర్వాతి కాలపు ప్రతుల్లో హైజాక్ అన్న మాట తగ్గి ఆప్షనల్ అన్నది చేరిందని కూడా గమనించాలి. కవికీ వయసు వస్తుంది.

ధర్మవిచారం

ఇక ప్రభుత్వ శాసనం సంగతి. 2011 ఏప్రిల్ 11న కేంద్రం సైబర్ కేఫ్‌లకు నియమాలు పెట్టింది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి. లాగ్ రిజిస్టర్ ఏడాది పాటు దాచాలి. గూళ్ల అడ్డుగోడలు నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. వీటి మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని వాక్యం ఒకటుంది: కంప్యూటర్ సెట్టింగులను వాడుకునేవాళ్లు మార్చేయకుండా కేఫ్ తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. అంటే టాస్క్ మేనేజర్ దగ్గర ఆ ఒకటి వేయడం యజమాని ధర్మం. వేయకపోతే నియమభంగం, వేస్తే దారిదోపిడి. పైన విరోధాభాసం అన్నది ఇందుకే.

దీనికి మైక్రోసాఫ్ట్ దగ్గరే ఒక మందు ఉండేది. పదిమంది కూర్చునే సిస్టమ్‌ల కోసం స్టెడీస్టేట్ అని ఉచితంగా ఇచ్చేది. గళ్లలో టిక్కులు పెట్టుకుంటూ పోతే తాళాలన్నీ అదే వేసిపెట్టేది. 2010 డిసెంబరు 31తో దాన్ని ఇవ్వడం మానేసింది, 2011 జూన్ 30తో సపోర్టూ ఎత్తేసింది. తాళాలు వేయమని ఢిల్లీ ఏప్రిల్‌లో చెప్పింది, జూన్‌కల్లా తాళాల అంగడి మూతపడింది. మధ్యలో యజమానీ, ఆయన రిజిస్ట్రీ ఎడిటరూ మిగిలారు.

సిద్ధాంతం

ఇక్కడ మతాలు రెండు. మొదటి మతంవాళ్లు సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి పోయి పీయూఎంలను అసలు పట్టించుకోవద్దని ఒక్కసారే చెప్పేస్తారు. రేపు నిజంగా సోహనాడ్ తమ్ముడెవడో వచ్చినా అదే అరలో అదే ఒకటి వేస్తాడు, స్కానర్ చూసీ చూడనట్టు పోతుంది. బద్ధకానికి శాస్త్రం పేరు పెట్టడమంటే ఇదే.

రెండో మతం కష్టపడమంటుంది. కొత్తగా విండోస్ ఎక్కించి, తాళాలన్నీ వేసి, కస్టమర్ ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఒకసారి స్కాన్ కొట్టాలి. అప్పుడు ఎర్రగా తేలినవి, ఎక్కించింది అసలు డిస్కే అయితే, మనవే. వాటిని మాత్రం పేరుపేరునా ‘ఎప్పటికీ వదిలెయ్’ జాబితాలో చేర్చాలి. చేర్చిన ప్రతిదాన్నీ కౌంటర్ దగ్గరి లాంగ్ నోట్‌బుక్‌లో రాయాలి: ఏ సిస్టమ్, ఏ అర, ఏ అంకె, ఏ తారీఖు, వేసిందెవరు, ఎందుకు. రిజిస్ట్రీలో లోపించిన కర్త ఆ పుస్తకంలో ఉంటాడు. చెప్పినంత సులువు కాదు, ఇంకు ఒలికి, బిల్లులతో కలిసిపోయిన నోట్‌బుక్కులే ఎక్కువ. అయినా ఇంతకు మించిన దారి లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చాలా సెంటర్లలో సిస్టమ్‌ను గడ్డకట్టించే సాఫ్ట్‌వేర్ ఉండేది. కస్టమర్ ఏం చేసినా రీస్టార్ట్ కొట్టగానే మొదటి స్థితికి వచ్చేస్తుంది. యజమాని కూర్చుని ఓపికగా చేర్చిన వదిలెయ్ జాబితా కూడా ఆ రీస్టార్ట్‌తోనే ఎగిరిపోతుంది, మర్నాడు అవే వరసలు మళ్లీ ఎర్రగా నిలబడతాయి. ముందు గడ్డ కరిగించి, జాబితా రాసి, మళ్లీ గడ్డకట్టించాలి. ఈ క్రమం తెలియని యజమానులు స్కానర్‌ను నోటికొచ్చినట్టు తిట్టేవారు.

సెక్యూరిటీ సెంటర్ నోరు నొక్కడాన్ని మాత్రం ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. అక్కడ స్కానర్ బ్యాడ్ అంటే బ్యాడే. బుడగలు విసిగిస్తే అప్‌డేట్‌లు వేసుకోవాలి. కస్టమర్‌కు అడ్మినిస్ట్రేటర్ ఖాతా అప్పగించి చుట్టూ తాళాలు వేసుకోవడం కూడా అలాంటిదే. మామూలు ఖాతా ఇస్తే సగం తాళాల అవసరమే ఉండదు.

హోస్ట్స్ ఘట్టం

ఈ వ్యాజ్యం సెంటర్లతోనే తీరిపోలేదు. విండోస్‌లో హోస్ట్స్ అని ఒక ఫైలుంది. ఏ సైటు పేరు పక్కన 127.0.0.1 అనో 0.0.0.0 అనో రాస్తే ఆ సైటు ఇక ఆ సిస్టమ్‌లో తెరుచుకోదు. నెట్ సెంటర్లు మూయదలచుకున్న సైట్లను ఇక్కడే మూసేవి. తమ సిస్టమ్ సమాచారం మైక్రోసాఫ్ట్‌కు పోవడం ఇష్టంలేనివాళ్లు ఆ సంస్థ సర్వర్ల పేర్లు కూడా ఇందులో రాసుకున్నారు. 2020 జులై నెలాఖరు నుంచి విండోస్ డిఫెండర్ అలాంటి ఫైలును హోస్ట్స్ ఫైల్ హైజాక్ అనీ, తీవ్రత ‘సివియర్’ అనీ చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ మార్పు చేసినవాడు ఇంటి యజమాని, తప్పంటున్నది తలుపులు చేసిన కంపెనీ. క్లీన్ అని నొక్కితే ఫైలు మొత్తం మొదటి స్థితికి పోతుంది, ఆ సర్వర్లతో పాటు మనం మూసుకున్న సైట్లన్నీ తెరుచుకుంటాయి. అలౌ అని నొక్కితే రేపు ఆ ఫైలును దొంగ మార్చినా డిఫెండర్ నోరెత్తదు. అటూ ఇటూ నష్టమే. వాది తనే, జడ్జి తనే అయిన చోట తీర్పు ఇలాగే ఉంటుంది.

ప్రక్షిప్తం

ప్రాచీన కావ్యాల్లో తర్వాతివాళ్లెవరో జొప్పించిన పద్యాలుంటాయి. పరిష్కర్తలు శైలి చూసి వాటిని ఏరేస్తారు. ఎల్బీనగర్‌లో, విజయవాడ బస్సుల కోసం జనం బ్యాగులతో నిలబడే చౌరస్తాకు దగ్గర్లో, ఇంకో సెంటర్‌లో ఈ కావ్యానికి వేరే ప్రతి దొరికింది. అక్కడ రెండో మతం నడుస్తుంది, నోట్‌బుక్ ఉంది. స్కాన్ కొడితే వదిలెయ్ జాబితా పోను ఒకే పాదం మిగిలింది:

ఇంటర్నెట్ సెట్టింగ్స్ / ప్రాక్సీ సర్వర్ (పీయూఎం. బ్యాడ్. ప్రాక్సీ) → 127.0.0.1.

యజమాని రాసిన పాదాలన్నిటిదీ ఒకే శైలి: ఇది మూయి, అది దాచు, ఇంకోటి తీసెయ్. ఈ పాదం ఏదీ మూయడం లేదు, దారి మళ్లిస్తోంది. బ్రౌజర్‌లో కొట్టే ప్రతిదీ సైటుకు పోకముందే అదే సిస్టమ్‌లో దాక్కున్న ఏదో ప్రోగ్రాం చేతుల్లోంచి పోవాలని దీని అర్థం. స్కాలర్‌షిప్ లాగిన్లూ బ్యాంకు పాస్‌వర్డులూ ఆ దారినే వెళ్తాయి.

యజమాని నోట్‌బుక్ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు. ఆ తారీఖున ఆ సిస్టమ్ పేరుతో ఏమీ లేదు.

“ఇది నేను పెట్టలేదురా. దీన్నొక్కదాన్నే కొట్టేయ్, మిగతావాటి జోలికి పోకు. నిన్న సాయంత్రం ఆ సిస్టమ్ కాడ ఎవరు కూసున్నరో రిజిస్టర్ల చూడు.”