తప్పు తీగది, శిక్ష స్పీకరుకి

కారులో పాట మధ్యలో ఆగిపోతే మన దగ్గర విచారణ ఉండదు, నేరుగా తీర్పే. ‘స్పీకర్లు పోయాయి సార్, మార్చేయాల్సిందే’ అంటాడు కార్ డెకార్ షాపాయన, డోరు వంక కూడా చూడకుండా. ఫైలు మంత్రిగారి పేషీలో ఆగితే అటెండర్ని సస్పెండు చేసినట్టు.

గతుకులో ఆగి, ఇంకో గతుకులో మళ్లీ పాడిందంటే ముందు అనుమానించాల్సింది వదులైన జాయింటుని. కాలిపోయిన స్పీకరు మామూలుగా అలా వచ్చి పోతూ ఉండదు, పోతే పోయినట్టే. కానీ జాయింటు బిగిస్తే షాపుకేం మిగులుతుంది, టీ ఖర్చు తప్ప? అందుకే స్పీకర్ల జత, దానికి తోడు అట్టపెట్టె మీద ‘1000 వాట్లు’ అని కొట్టొచ్చినట్టు రాసిన ఆంప్లిఫయర్. అదే పెట్టె మీద ఎక్కడో చీమ తలంత అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అంకె ఉంటుంది. అసలు బలం అదే. దాన్ని చదివే అలవాటు కొనేవాడికి లేదు, చూపించే అలవాటు అమ్మేవాడికి లేదు.

ఆ ఆంప్లిఫయర్ని సీటు కింద తోసి, గాలాడకుండా మ్యాట్ కప్పి, ఒక్కో ఛానల్‌కి రెండేసి 4 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి 2 ఓమ్‌ల బరువు మోయిస్తాం. అది తట్టుకోలేక వేడెక్కి, ‘ప్రొటెక్ట్’ అని ఎర్రలైటు వెలిగించి నోరు మూసుకుంటుంది. వైరు బాడీకి తగిలినా, వోల్టేజీ పడిపోయినా అంతే. బండి మొత్తంలో ప్రాణం మీద తీపి ఉన్నది దానికొక్కదానికే. చల్లారాక మళ్లీ పాడుతుంది. ‘చూశారా, సెట్ చేశాను’ అంటాడు అప్పటిదాకా టీ తాగిన మెకానిక్.

నిజానికి ఈ కేసులో సాక్షులు కళ్లెదుటే ఉన్నారు. డోరు తీసినప్పుడల్లా మడతపడే రబ్బరు గొట్టంలో వైరు పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఎర్తు వైరు బోల్టు కింద పెయింటు గీకనే లేదు. మెలేసి నల్లటేపు చుట్టిన జాయింటు ఎండకి జిగురు కారి నాలుక చాపుకుని ఉంటుంది. స్టీరియో సెట్టు వెనక కుడి, ఎడమ స్పీకరు వైర్లు మార్చి చూస్తే చాలు: మౌనం రెండో వైపుకి వెళ్లిందంటే దోషం సెట్టుది, ఉన్నచోటే ఉంటే వైరుదో, స్పీకరుదో. గోడ గడియారంలోంచి 1.5 వోల్టుల సెల్లు తీసి స్పీకరుకి తాకిస్తే ‘టప్’మనాలి. అన్నదంటే చాలావరకు నిర్దోషే.

ఇంత తేలిగ్గా తేలిపోతే ఇక వ్యాపారమేముంది? కొత్త స్పీకర్లు బిగిస్తారు, పాత వైరుకే, పాత టేపుతోనే. మొదటి స్పీడు బ్రేకర్ దగ్గరే అవీ మౌనవ్రతం పడతాయి. ‘అయితే స్టీరియో మార్చాలి సార్.’

చివరికి విసిగిపోయి కారే అమ్మకానికి పెడతాం. ప్రకటనలో ‘సూపర్ మ్యూజిక్ సిస్టమ్’ అని రాస్తాం. అబద్ధమేం కాదు. కొనడానికొచ్చినాయన ముందు ఇంజన్ ఆపి, డోర్లు మూసి, బండి కదలకుండా వినిపిస్తే బ్రహ్మాండంగా పాడుతుంది.