ఆమె గొంతు మోసిన పెట్టెను

నేను వాల్వుల కాలం నాటి మర్ఫీ రేడియోని. నన్ను బెజవాడలో కొన్నది నందిగామ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టారు. కుదుపులకు లోపలి వాల్వులు ఎక్కడ చెదురుతాయోనని హైదరాబాదు రోడ్డు పొడుగునా బస్సులో ఒళ్లోనే పెట్టుకుని తెచ్చారు. డాబా మీద రెండు వెదురు బొంగులు నిలబెట్టి, వాటి మధ్య ఏరియల్ తీగ కట్టారు. పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు తీసుకున్నారు. స్విచ్చి వేయగానే పలికే రకం కాదు నేను. వాల్వులు వేడెక్కి, ముందున్న ఆకుపచ్చ కన్ను విచ్చుకున్నాకే నా గొంతు లేచేది.

పగలంతా నేను వీధి సొత్తు. 1948 డిసెంబరులో మొదలైన బెజవాడ కేంద్రం నుంచి వార్తలు, వ్యవసాయ కార్యక్రమం, సినిమా పాటలు వచ్చేవి. పత్తి చేలల్లోంచి, మిరప తోటల్లోంచి వచ్చినవాళ్లు అరుగు మీద చేరి వినేవాళ్లు. ఘంటసాల పాట వస్తే సైకిళ్లు ఆగేవి. రాత్రి భోజనాలై ఇల్లు సద్దుమణిగాక మాత్రం మాస్టారికే నేను. ముల్లును షార్ట్ వేవ్ మీదికి తిప్పి, ఆ గరగరల్లో వెతుక్కుంటూ వెళ్లి వాయిస్ ఆఫ్ అమెరికా పట్టేవారు. 1955 జనవరి నుంచి అందులో విల్లిస్ కానోవర్ అనే ఆయన జాజ్ సంగీతం వినిపించేవాడు. పరాయి దేశాల వాళ్లకు అందాలని ఒక్కో మాటా విడదీసి నిదానంగా పలికేవాడు. పిల్లలకు ఉచ్చారణ నేర్పడానికి పనికొస్తుందని వినడం మొదలుపెట్టిన మాస్టారు, పోనుపోను ఆ పాటల కోసమే మేలుకునేవారు.

బిల్లీ హాలిడే నాలోంచి మొదటిసారి పలికింది అలాంటి ఒక రాత్రే. 1935 జులైలో న్యూయార్కులో రికార్డయిన ‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’. టెడ్డీ విల్సన్ పియానో, బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్. వాద్యాలన్నీ పరుగు మీదున్నాయి. ఆమె మాత్రం తొందరపడలేదు. దెబ్బ పడ్డచోట మాట ఎత్తుకోకుండా కాస్త వెనకపడింది. ఇక తాళం తప్పిందనుకునేలోపు చరణం చివర సరిగ్గా వచ్చి కలిసింది. ఒకచోట కాదు, పాటంతా అంతే. గొంతు చూస్తే చిన్నది. ఒక స్థాయికి కాస్త మించి పలుకుతుంది, అంతే. ఆ కొద్ది చోటులోనే ఆమె మాటను వంచడం, ఆపడం, వదిలేయడం చూసి నా స్పీకరు కాగితం వణికింది.

పక్క గదిలో పడుకున్న పెద్దాయన, మాస్టారి నాన్నగారు, లేచి వచ్చారు. ఆయనకు పద్యనాటకాలంటే ప్రాణం. హరిశ్చంద్ర ఆడుతున్నారంటే బండి కట్టించుకుని జగ్గయ్యపేట వెళ్లే మనిషి. కాటిసీనులో రాగం ఎంత పొడుగు తీస్తే ఆయనకు అంత తృప్తి.

“ఏందిరా, ఈవిడ రాగం తియ్యదేం? ఎక్కడికక్కడ తుంచేస్తంది?”

“అదే ఆవిడ పద్ధతి నాన్నా. కాసేపు కూర్చుని వినండి.”

కూర్చున్నారు. పాటయ్యాక, “తాళం ఒంట్లోనే ఉంది ఈవిడకి” అని వెళ్లి పడుకున్నారు. ఆమె గురించి నా చెవిన పడ్డ మాటల్లో ఇంత సూటిది మరొకటి లేదు.

ఆమె బతుకు సంగతి మాకు తెలిసింది తర్వాత, బెజవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లో మాస్టారికి దొరికిన ఆమె ఆత్మకథ వల్ల. విలియం డఫ్టీ అనే విలేకరికి ఆమె చెబుతూ ఉంటే అతను రాయగా 1956లో వచ్చింది. మాస్టారు ఒక్కో పేజీ చదివి ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పేవారు. అందులో పుట్టిన ఊరు బాల్టిమోర్ అని ఉంది గానీ, ఆమె పుట్టింది 1915 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో. అసలు పేరు ఎలినోరా ఫేగన్. తండ్రి క్లారెన్స్ హాలిడే గిటారు వాయించేవాడు, బిడ్డను పట్టించుకోలేదు. తల్లి ఇళ్లలో పనిచేసేది. బడి ఎగ్గొడుతోందని తొమ్మిదేళ్ల పిల్లను దిద్దుబాటు బడిలో వేశారు. పదకొండేళ్లకు పొరుగువాడొకడు అఘాయిత్యం చేస్తే, మళ్లీ ఆ పిల్లనే తీసుకెళ్లి అక్కడ పెట్టారు. బాల్టిమోర్‌లో ఒక వేశ్య ఇంట్లో చిల్లర పనులు చేసిపెట్టేది. కూలికి బదులు, ముందుగదిలో ఉన్న గ్రామఫోను విననిస్తే చాలనేది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బెస్సీ స్మిత్ ఆమె చెవిన పడింది అక్కడే. ఆ గ్రామఫోను నా జాతిది. ఏ గురువూ చేరదీయని పిల్లకు పాఠం చెప్పింది. ఆ పేజీ విన్ననాటి నుంచి, నేనొట్టి చెక్కపెట్టెనే కదా అన్న చిన్నతనం నాకు పోయింది.

పుస్తకం సగానికి వచ్చేసరికి మాస్టారి అమ్మగారు కళ్లొత్తుకున్నారు. “మన తిరుపతమ్మ తల్లి పడ్డ పాట్లే పడిందన్నమాట” అన్నారు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లొచ్చే మా వైపు ఆడవాళ్లకు ఆ కథ కంఠతా వచ్చు. అత్తింటి ఆరళ్లు, ఒంటిని తిన్న జబ్బు, గోపయ్యను పులి చంపడం, ఆఖరికి అగ్నిలో ఐక్యం కావడం. ఆవిడ కన్నీళ్లు నిజమైనవే. కానీ ఆ పోలికకు నేను ఒప్పుకోలేను. అమెరికాలోనూ బిల్లీని అట్లాగే కష్టాల బొమ్మను చేసి కూర్చోబెట్టారు. పుస్తకాల్లో, సినిమాల్లో ముందు మత్తుమందు సిరంజి కనపడుతుంది, పాట తర్వాత. కష్టాలు పడ్డవాళ్లంతా అలా పాడలేదు. 1930ల్లో మంచి పాటలు తెల్ల గాయకులకు పోయేవి, నాసిరకంవి ఆమె చేతికొచ్చేవి. స్వరలిపి చదవడం రాని ఆ మనిషి, స్టూడియోలో అప్పటికప్పుడు వరస మార్చి, రెండు సుత్తి చరణాల్లోంచి ఒక గుండెను బయటికి తీసేది. అది దుఃఖం కాదు, విద్య. శాక్సొఫోను వాయించే లెస్టర్ యంగ్‌కు ఆ విద్య తెలుసు. అందుకే ఆమెకు ‘లేడీ డే’ అని పేరు పెట్టాడు. ఆమె అతన్ని ‘ప్రెజ్’ అంది. ఇద్దరూ కలిసిన రికార్డుల్లో ఎవరు పాడుతున్నారో ఎవరు వాయిస్తున్నారో విడదీయడం నా వల్ల కాలేదు.

1938లో ఆర్టీ షా బృందంలో చేరింది. తెల్లవాళ్ల బ్యాండుతో ఊరూరా తిరిగిన తొలి నల్ల గాయనుల్లో ఆమె ఒకతె. న్యూయార్కులో ఆ బ్యాండు పాడే హోటల్లోనే, సామాను మోసే లిఫ్టులో ఎక్కి రమ్మన్నారు. ఆమె అక్కడితో ఆ బ్యాండుకు దణ్ణం పెట్టింది.

మరుసటి ఏడు పాడిన పాట గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ రాసింది ఏబెల్ మీరోపోల్ అనే బడిపంతులు. ఈ మాట తెలిసినప్పుడు మా మాస్టారి మొహం వెలిగిపోయింది. మూక చేరి నల్లవాళ్లను చంపి చెట్టుకు వేలాడదీసిన ఫొటో చూసి ఆ పంతులు కదిలిపోయాడు. 1937లో ఉపాధ్యాయ సంఘం పత్రికలో అచ్చయింది. అదే ఏడు ఆమె తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో డాలస్‌లో పోయాడు. నల్లవాడని ఆసుపత్రులు మొదట చేర్చుకోలేదు. పాడినప్పుడల్లా నాన్నే గుర్తొచ్చేవాడని ఆమె చెప్పుకుంది. న్యూయార్కు కెఫే సొసైటీ క్లబ్బులో ఆ పాట ఎప్పుడూ ఆఖరిదే. ముందు వడ్డన ఆగేది. దీపాలన్నీ ఆర్పి, ఆమె మొహం మీద ఒక్కటే ఉంచేవారు. పాట ముగియగానే అదీ ఆరేది. మళ్లీ వెలిగేసరికి వేదిక మీద ఆమె ఉండేది కాదు. ఎన్ని చప్పట్లు కొట్టినా తిరిగి వచ్చేది కాదు. ఈ సంగతి విని పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. కాటిసీనుకు సైతం వన్స్ మోర్ అరిచిన గొంతు ఆయనది. ఆమె రికార్డులు వేసే కొలంబియా కంపెనీ ఈ పాట ముట్టుకోనంది. 1939 ఏప్రిల్ 20న కమడోర్ అనే చిన్న కంపెనీ రికార్డు చేసింది.

అక్కణ్నుంచి మత్తుమందు, దాని వెనకే పోలీసులు. 1947లో జైలుకు పంపారు. 1948 మార్చిలో బయటికొచ్చి, పట్టుమని రెండు వారాలు కాకముందే కార్నెగీ హాలు నింపింది. అయినా న్యూయార్కులో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడటానికి కావలసిన పోలీసు కార్డు తిరిగి ఇవ్వలేదు. శిక్ష ఏడాదిలోపే ముగిసింది, పని మీద నిషేధం చచ్చేదాకా సాగింది. జబ్బుమనిషికి వైద్యం చేయాల్సినచోట పాటను శిక్షించారు. ఇది అన్యాయమని నేను గొంతెత్తి చెబుతాను.

1958లో రే ఎల్లిస్ బృందంతో ఆమె పాడిన ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బం పాటలు మా ఇంట వినపడ్డ రోజు మాస్టారు కంగారుపడ్డారు. తీగ వాద్యాలు తేటగా వస్తున్నాయి, గొంతు మాత్రం జీర. సెట్టు పాడైందనుకుని జగ్గయ్యపేట నుంచి మెకానిక్‌ను పిలిపించారు. అతను వెనక అట్ట ఊడదీసి వాల్వులు ఒక్కొక్కటే పీకి తుడిచాడు, స్పీకరు కాగితం వేలితో తడిమాడు, బెజవాడ కేంద్రం పెట్టి చూశాడు. గంట కొట్టినట్టుంది. ఆఖరి బస్సు వెళ్లిపోవడంతో ఇక్కడే భోంచేసి, రాత్రి కానోవర్ వచ్చేదాకా ఉండిపోయాడు. ఆ రాత్రీ ఆమె పాడింది. చెవి దగ్గరపెట్టి పాటంతా విన్నాడు.

“సెట్టు బానే ఉంది మాస్టారూ. ఆవిడ గొంతే అరిగిపోయింది. కానీ ఒక్క మాట కూడా చోటు తప్పట్లేదు చూశారా!”

మెకానిక్కులు అబద్ధం వినరు. ఇరవై మూడేళ్ల కింద పరుగెత్తే వాద్యాల మధ్య నిదానంగా నడిచిన ఆ తాళమే, గొంతు పోయినా మిగిలింది.

1959 మార్చిలో లెస్టర్ యంగ్ పోయాడు. మే నెలాఖరున ఆమె ఆసుపత్రిలో చేరింది. మంచం మీద ఉండగానే మత్తుమందు కేసులో అరెస్టు చేసి గుమ్మంలో పోలీసును నిలబెట్టారు. జులై 17న కన్నుమూసింది. 44 ఏళ్లు. బ్యాంకులో 70 సెంట్లు, అంటే అప్పటి మన లెక్కన మూడు రూపాయల చిల్లర. ఒంటికి అంటించి దాచుకున్న 750 డాలర్లు మాత్రం దొరికాయి.

నేను మూలన పడ్డాక కూడా మాస్టారు ఆ పుస్తకాన్ని వదల్లేదు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ వార్త తెలిసిన రోజు ఆయన పుస్తకం తీసి, ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ సంగతి ఉన్న పేజీ మనవడి చేత చదివించారు. తేదీ కలవడం కాకతాళీయం, చంపినవాళ్ల ధీమా మాత్రం ఒకటే. కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ చదువుకున్నది ఆమె పాడిన హార్లెం పక్కనేనని, ఆమె ఆ పాట పాడిన రెండేళ్లకే మన జాషువా ‘గబ్బిలం’ వచ్చిందని వాడికి చెప్పారు. అమెరికాలో మూకహత్యను ప్రత్యేక నేరం చేస్తూ కేంద్ర చట్టం వచ్చింది 2022లో. పాట పుట్టి 80 ఏళ్లు దాటాక.

మాస్టారు పోయాక నన్ను జగ్గయ్యపేటలో ఆ మెకానిక్ కొట్టుకే ఇచ్చేశారు. కొట్టు ఇప్పుడతని మనవడిది, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఎదురుగా సిమెంటు లారీలు తిరుగుతుంటాయి. కృష్ణా జిల్లా అని ఉన్న బోర్డులు ఎన్టీఆర్ జిల్లా అని మారాయి. వాల్వులు దొరక్క ఆ కుర్రాడు నా లోపల బ్లూటూత్ బోర్డు పెట్టాడు. చెక్క, స్పీకరు నావే. తాత చెప్పిన ఆ అరిగిన గొంతు ఎవరిదో వెతికి వినిపిస్తున్నాడు. 1957లో టీవీ కోసం లెస్టర్ యంగ్‌తో కలిసి ఆమె పాడిన ‘ఫైన్ అండ్ మెలో’ నేను విన్నది ఇతని వల్లే.

ఆమె జీవితం మీద సినిమాలున్నాయి, చూడండి. కానీ ముందు పాట వినండి. 1935 నాటి మూన్‌లైట్ పాట, తర్వాత 1939 నాటి ‘స్ట్రేంజ్ ఫ్రూట్’, ఆఖరున 1958 నాటి ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బంలో ఏదైనా ఒకటి, ఈ వరసలోనే. మీ చేతిలో ఫోనుంది. మూడో పాటకు వచ్చేసరికి ఫోను చెడిపోయిందనుకుని ఆపేయకండి.