పన్నెండు వోల్టులేగా!

ఉప్పుటేరు దాటి 216 జాతీయ రహదారి మీద కృష్ణా జిల్లాలోకి దిగాక కృత్తివెన్ను దాకా ఏ ఊరి టీ బడ్డీ దగ్గరైనా ఆగి, "కరెంటు పని ఎవరు చేస్తారండీ?" అని అడగండి. ఇద్దరి పేర్లు చెబుతారు. ఒకతను ఐటీఐ చదివి లైసెన్సు తెచ్చుకున్నవాడు. ఫోనెత్తడు, ఎత్తితే "రేపొస్తానండీ" అంటాడు. రెండో ఆయన కోసం ఫోను అక్కర్లేదు. ఆ బడ్డీ బల్ల మీదే కూర్చుని మీ మాట వింటూ ఉంటాడు. ఆయనే కరెంటాయన.

కరెంటాయన చదువు ఎవరికీ తెలీదు. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల మోటార్లు చూసి ఉండొచ్చు, పెళ్ళిళ్ళకి మైకుసెట్టు కట్టి ఉండొచ్చు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట టెస్టరు, మణికట్టుకి కంకణంలా నల్ల టేపు చుట్ట. వైరు తొక్క ఒలవడానికి దేవుడిచ్చిన పళ్ళున్నాయి. కూలి అడగడు. "మీ దగ్గర తీసుకుంటానా పెద్దమ్మా!" అని నొచ్చుకుంటాడు కూడా. మిగిలిన వైరు మాత్రం చుట్ట చుట్టి బండికి తగిలించుకుంటాడు. వైరు ఎప్పుడూ మిగులుతుంది, ఎన్ని మీటర్లు కొనాలో చెప్పేది ఆయనే కాబట్టి.

ఉన్నమాట చెప్పుకోవాలి. గాలివానలో అర్ధరాత్రి ఫీజు పోతే లుంగీ ఎగ్గట్టి వచ్చేది కరెంటాయనే. అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. ఆయన ధైర్యానికి సగం కారణం ఈ మొహమాటమే.

రొయ్య కలిసొచ్చిన ఇళ్ళకి ఈమధ్య కొత్త ముచ్చటొకటి పుట్టింది. ఒకప్పుడు వీధి వరండాకి ఒక బల్బుంటే గొప్ప. ఇప్పుడు మెట్ల కింద, కొబ్బరిచెట్టు మొదట్లో, తులసికోట చుట్టూ, ప్రహరీ పొడుగునా చిన్నచిన్న ఎల్‌ఈడీ లైట్లు. అన్నీ 12 వోల్టులవి. ఇంటి కరెంటు 230. దాన్ని 12కి దించడానికి మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. మంచి ఏర్పాటే. తడిగడ్డిలో ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లాడు లైటు వైరు తొక్కినా ప్రాణం మీదికి రాదు. ఎందుకంటే మంచి ట్రాన్స్‌ఫార్మరులో 230 చుట్టకీ 12 చుట్టకీ మధ్య తీగ సంబంధమే ఉండదు, అయస్కాంతం ద్వారా పనిచేసుకుంటాయి. కానీ ఆ పెట్టెకి ఒకవైపు నుంచి వచ్చేది 230 అన్న సంగతి కరెంటాయన చెవికెక్కదు. "పన్నెండు వోల్టులేగా!" అన్నది ఆయన తారకమంత్రం.

ఒక పెద్దమ్మగారింట్లో ఈ మంత్రం ఎలా పనిచేసిందో చూడండి. అబ్బాయి డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో ట్రాన్స్‌ఫార్మరు పట్టుకొచ్చాడు. స్టీలు పెట్టె, పొద్దుగూకితే దానంతటదే వెలిగే కన్ను, టైమరు, అన్నీ ఉన్నాయి. పెట్టె మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అనీ ఉంది. అదెవరూ చూడలేదు. చూసింది పెద్దమ్మగారే.

"ఏమయ్యా, ఇక్కడ నూట ఇరవై అని రాసుంది. మనకొచ్చేది రెండొందల ముప్పై కదా?"

"అది అమెరికా లెక్కండీ పెద్దమ్మా. డాలరు లెక్క వేరు, మన లెక్క వేరు."

అమెరికా ప్లగ్గు మన సాకెట్లో దూరదు. అదొక హెచ్చరిక అని ఇంకెవరైనా అనుకుంటారు. కరెంటాయన ప్లగ్గు కోసి పారేశాడు. లోపలి రెండు వైర్లూ పళ్ళతో ఒలిచి సాకెట్ కన్నాల్లో పెట్టి, ఊడిపోకుండా చెరో అగ్గిపుల్ల బిగించాడు. ఆకుపచ్చ వైరు మిగిలింది. "మరి అది?" అన్నారు పెద్దమ్మగారు. "అది కంపెనీవాళ్ళు అందానికి పెడతారండీ" అని దాన్ని మడిచి టేపు చుట్టేశాడు. ఆ స్టీలు పెట్టెకి కరెంటు తగిలితే మనిషిని కాపాడేది ఆ వైరే. మన మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేది కూడా ఊరికే కాదు. పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలి.

స్విచ్చి వేశారు. పెట్టె "ఊఁ" అంది. తర్వాత "ఊఁఊఁ" అంది. ఆనక వార్నీషు కాలిన వాసన, పొగ. కరెంటాయన వెనక్కి తగ్గి, "అమెరికాది కదండీ, మన ఉప్పుగాలి పడలేదు" అని తీర్పిచ్చాడు.

బందరు నుంచి రెండోది తెప్పించారు. ఈసారి 230కి తగినదే. అయితే దాని మీద ఐపీ 20 అని ఉంది. ఇది లోపల అల్మారాలో పెట్టుకునేది, నీటి చుక్క తట్టుకోలేదు. ఆరుబయటకి కనీసం ఐపీ 65 కావాలి: 6 అంటే దుమ్ము దూరదు, 5 అంటే పైపుతో నీళ్ళు కొట్టినా తట్టుకుంటుంది. ఐపీ 67 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా ఫర్వాలేదు. "దీనికి వాటర్‌ప్రూఫ్ మనమే చేసుకుందాం" అని కరెంటాయన పాలిథిన్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేశాడు.

ఇక టెస్టరు ఘట్టం. 12 వోల్టుల వైపు టెస్టరు పెట్టాడు. వెలగలేదు. ఇంకో వైరుకి పెట్టాడు. వెలగలేదు. టెస్టరులోని నియాన్ దీపం 60, 70 వోల్టులైనా లేనిదే కన్ను తెరవదు. మన ఒంట్లోంచి పిసరంత కరెంటు లాక్కుని బతికే వస్తువది. 12ని చూడాలంటే మల్టీమీటరు కావాలి. కరెంటాయన దృష్టిలో మాత్రం టెస్టరు వెలగకపోతే లోకంలో కరెంటే లేదు.

"డబ్బా డెడ్డండీ. డైరెక్టుగా ఇచ్చేద్దాం."

ఇచ్చేశాడు. లైట్లు ఒక్క క్షణం పట్టపగలులా వెలిగాయి. వీధిలోవాళ్ళు కూడా చూశారు. అదే ఆఖరు. "అన్నీ డూప్లికేటు బల్బులే పెద్దమ్మా."

ఇక్కడ ఇంకెవరైనా సిగ్గుపడతారు. కరెంటాయన కొత్త బల్బులకి చీటీ రాశాడు. అవి వచ్చాక ట్రాన్స్‌ఫార్మరు బతికే ఉందని తేలింది. దాన్ని ప్రహరీ మొదట్లో నేల మీదే పెట్టి, వైరు పైనుంచి తెచ్చి గుచ్చాడు, వానచుక్క తిన్నగా లోపలికి జారేలా. వైరుని పెట్టె కన్నా కిందికి ఓ వంపు వేలాడదీసి, కిందనుంచి పైకి ఎక్కించుకుంటే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. ఎత్తు సంగతి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను పక్కనే నరసాపురం దగ్గర తీరం దాటిన చోటు మనది. వాకిట్లో నీళ్ళు ఎందాకా వస్తాయో గోడ మీద మరకే చెబుతుంది. పెట్టె ఆ మరక కన్నా పైనుండాలి.

చివరి ఐదు లైట్లూ మిణుగురుల్లా మినుకుమన్నాయి. కారణం లెక్కలో ఉంది. 60 వాట్ల లైట్లు 230 మీదైతే పావు ఆంపియరుతో సరిపెట్టుకుంటాయి, 12 మీదైతే 5 ఆంపియర్లు లాగుతాయి. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు 50 మీటర్లు వెళ్ళి 50 మీటర్లు తిరిగి రావాలంటే, బరువంతా చివరే ఉంటే, దారిలోనే సుమారు 6 వోల్టులు హరీమంటాయి. లావు వైరైనా వేయాలి, ట్రాన్స్‌ఫార్మరునైనా తోట మధ్యకి జరపాలి. కరెంటాయన "అమావాస్య కదండీ" అన్నాడు. తర్వాత క్యాలెండరు చూస్తే ఆ రోజు ఏకాదశి.

తొలకరి వాన పడిన రాత్రి ఇంట్లో కరెంటు పోయింది. మీటరు పక్కనున్న ఆర్‌సీసీబీ పడిపోయింది. ఎత్తితే మళ్ళీ పడింది. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషి పోకుండా కాపాడుతుంది. వెళ్ళిన కరెంటులో 30 మిల్లీ ఆంపియర్లు తిరిగి రాకపోతే, ఎక్కడో నేలలోకో ఒంట్లోకో పోతోందని రెప్పపాటులో కట్టేస్తుంది. పాలిథిన్ కవర్లో నీళ్ళు చేరాయన్న కబురు అది పదేపదే చెబుతోంది.

కరెంటాయన దాన్ని ఎగాదిగా చూశాడు. "ఇదొక పనికిమాలిన మిషనండీ. ఊరికే పడిపోతుంది. తీసేసి డైరెక్టు చేసేద్దాం."

స్క్రూడ్రైవరు దాకా వెళ్ళిన ఆ చేతిని పెద్దమ్మగారు పట్టుకోలేదు, మాటతో ఆపారు. "కాఫీ తాగెళ్ళు నాయనా, రేపు చూద్దాం." ఆ రేపు లైసెన్సున్న అబ్బాయి వచ్చాడు. మూడుసార్లు ఫోను చేయించుకునే వచ్చాడనుకోండి. ముందు మెయిను కట్టేశాడు. ఐపీ 67 పెట్టెని నడుమెత్తున గోడకి బిగించి, వైర్లు కిందనుంచి గ్లాండుల్లోంచి ఎక్కించి, ఎర్తు కలిపి, అతుకులకి జెల్ నింపిన కనెక్టర్లు పెట్టి, లైట్ల బరువు ట్రాన్స్‌ఫార్మరు శక్తిలో 80 శాతం దాటకుండా చూసి పోయాడు. కరెంటాయన కుర్చీ వేయించుకుని దగ్గరుండి చూశాడు. "నేను చెప్పినట్టే చేశాడండీ కుర్రాడు" అని ఇప్పటికీ బడ్డీ దగ్గర చెబుతున్నాడు.

మీ ఆర్‌సీసీబీ మీద "టి" అని ఒక బుల్లి బటన్ ఉంటుంది. ఈ ఆదివారం ఒకసారి నొక్కండి. టక్కున పడిపోతే అది పనిచేస్తున్నట్టే. పడకపోతే ఆ ఐటీఐ అబ్బాయికి ఎన్నిసార్లయినా సరే ఫోను చేయండి. బడ్డీ వైపు మాత్రం చూడకండి, కరెంటాయన లేచి వచ్చేస్తాడు.