ఇరవై డిగ్రీల కాపురం

ఫొటో బాగా వస్తే కెమెరాని మెచ్చుకుంటారు. పాడైతే మాత్రం "కడగడం సరిగ్గా లేదు" అంటారు. ఆ కడిగే ట్యాంకుని నేనే. ఒళ్ళంతా నల్ల ప్లాస్టిక్కు, నడుమ గరాటు, లోపల ఫిల్ము చుట్టుకునే తెల్ల రీళ్ళు. ఆ గరాటు దారిలో మందు దిగుతుంది కానీ వెలుతురు దిగదు. 35 ఎంఎం రోలు ఒకటి మునగడానికి 290 మిల్లీలీటర్లు చాలు. హైదరాబాదులో రెండు గదుల ఇల్లు మాది. రాత్రిళ్ళు స్నానాల గది తలుపు కింద తువ్వాలు కుక్కి, దీపం ఆర్పి, మా అబ్బాయి నాలోకి ఫిల్ము ఎక్కిస్తాడు. బయటినుంచి వాళ్ళమ్మ "ఇంకా ఎంతసేపురా?" అని కేకేస్తూనే ఉంటుంది.

ఓసారి సురభి వారి మాయాబజార్ నాటకానికి వెళ్ళొచ్చి, రోలు మీద స్కెచ్చి పెన్నుతో 1600 అని రాశాడు. లోపలున్నది హెచ్‌పీ5 ప్లస్, అంటే 400 స్పీడు ఫిల్ము. స్టేజి దీపాలకి మీటరు సెకనులో ముప్ఫయ్యో వంతు చూపించిందట. గద తిప్పే ఘటోత్కచుడు అంతసేపు కదలకుండా నిలబడతాడా? అందుకని మీటరుని 1600కి తిప్పి, నూట ఇరవై అయిదో వంతులో తీసేశాడు. రెండు స్టాపుల వెలుగు తగ్గిపోయింది. మీటరు తిప్పినంత మాత్రాన ఫిల్ము స్పీడు పెరగదు. మీటరుతో ఆడిన అబద్ధాన్ని నేను మోయాలి. ఐడీ-11 డెవలపర్ పలచన చేయకుండా పోస్తే, 20 డిగ్రీల దగ్గర మామూలుగా ఏడున్నర నిమిషాలు. 800కి పదిన్నర, 1600కి పద్నాలుగు. ఇలా ఎక్కువసేపు కడగడాన్నే పుష్ చేయడం అంటారు.

ఆ అదనపు నిమిషాల్లో లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసినట్టు కెమెరాకి తెలియదు. నీడల్లో వెలుగు సోకిన వెండి రేణువులు కొన్నే. వాటి పని మొదట్లోనే దాదాపు అయిపోతుంది. కిరీటం మీద, ముఖం మీద వెలుగు గట్టిగా పడింది కాబట్టి అక్కడ మాత్రం వెండి నల్లబడుతూనే ఉంటుంది. ఎంతసేపు నానబెట్టినా నిండిన విస్తట్లోనే మళ్ళీ వడ్డించినట్టు. కాంట్రాస్టు పెరుగుతుంది, గ్రెయిన్ లేస్తుంది. ఆరిన నెగిటివ్‌ని కిటికీకి పెట్టి చూస్తే ఘటోత్కచుడి మీసం, గద, దండలు దివ్యంగా ఉన్నాయి. నల్ల పంచె ఉండాల్సిన చోట ఖాళీ ఫిల్మే. కెమెరాలో పడని వెలుగుని నేనెక్కణ్ణుంచి తేను? మైక్రోఫెన్ డెవలపర్ పోస్తే 1600కి పదకొండు నిమిషాలు చాలు, నీడల్లో మరికాస్త దక్కుతుంది కూడా. అయినా అది కాస్తే. "పుష్ చేసి చీకట్లోంచి బయటికి లాగాను" అని మావాడు స్నేహితులతో కోతలు కోస్తుంటే నాకు నవ్వొస్తుంది.

అసలు చాకిరీ పుల్ చేసేటప్పుడు, అంటే వెలుగు ఎక్కువిచ్చి కడగడం తగ్గించేటప్పుడు. నడి మే నెల, మిట్టమధ్యాహ్నం, గోల్కొండ కోట. రాయి మీద ఎండ కళ్ళు పోగొడుతుంది, కమాను కింద కటిక చీకటి. మీటరు 200 మీద పెట్టి రెట్టింపు వెలుగు ఇస్తే కమాను కింది రాళ్ళు కూడా ఫిల్ముకెక్కుతాయి. ఎండ మాడిపోకుండా నన్ను తొందరగా ఖాళీ చేయాలి. కానీ మే నెల కదా, కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే. సీసాలన్నీ టబ్బులో పెట్టి, ఫ్రిజ్‌లోని ఐసంతా గుమ్మరించినా 24 కిందికి దిగదు. ఒక్కో డిగ్రీకి సుమారు పదో వంతు సమయం కోసుకుంటూ పోతే, ఏడున్నర నిమిషాల పని అయిదింటికి పడిపోతుంది. పుల్ చేస్తే నాలుగు! పోసి, ఒంచేలోపే అర నిమిషం. ఫిల్ము మీద చారలు, మచ్చలు పడేది ఇలాంటప్పుడే. అందుకే సమానంగా నీళ్ళు కలిపి మందుని పలచన చేస్తాడు. అలా చేస్తే 20 డిగ్రీల దగ్గర పదమూడు నిమిషాలు, మా ఇంటి వేడికి, పుల్ కోత కూడా పోగా, ఏడు దాకా వస్తుంది. చిత్రం చూడండి, మన ఎండలకి పుష్ చేయడమే సుఖం. పద్నాలుగు నిమిషాల విసుగు దాదాపు తొమ్మిదికి దిగుతుంది.

ఇక నన్ను తిప్పడం గురించి. నిమిషానికోసారి పది సెకన్లు, నాలుగుసార్లు తలకిందులు చేసి, గాలి బుడగలు పోవడానికి నేలకేసి ఒకసారి కొట్టాలి. సెల్ఫోను మోగిందని మర్చిపోకూడదు, ఉత్సాహమొచ్చి గిలక్కొట్టకూడదు. ఆ తర్వాత పోసే స్టాపు బాతు, ఫిక్సరు నాకు పెద్ద బాధ కాదు.

మొన్న మావాడి స్నేహితుడొకడు చెల్లెలి పెళ్ళి రోలు పట్టుకొచ్చాడు. పగలు పందిట్లో సగం 400కి తీశాడు, రాత్రి ముహూర్తం మిగతా సగం 1600కి. రోలంతా ఒకటే స్నానం, సగం ఒకలా, సగం ఇంకొకలా కడగడం నావల్ల కాదు. బేరమాడి 800 దగ్గర తెగ్గొట్టారు, పదిన్నర నిమిషాలు. పగటివి దట్టంగా, రాత్రివి పలచగా వచ్చాయి. నన్ను కుళాయి కింద కడుగుతుంటే ఆ కుర్రాడు గుమ్మంలోంచి అడుగుతున్నాడు.

"పెళ్ళికూతురి ముఖం కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. జడలో పూలూ కనిపిస్తాయి. మీ మేనమామ నల్లకోటు వేసుకుని వెనక నిలబడ్డాడు చూడు, ఆయనకి మాత్రం నువ్వే సర్దిచెప్పుకోవాలి."