శక్తి చానల్‌కు టీకా తాత్పర్యం

అవతారిక: ఇంజిన్ టెస్ట్ బెడ్ మీద టార్క్‌కు సెన్సర్ ఉంది, వేగానికి సెన్సర్ ఉంది, శక్తికి లేదు. రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది మాత్రం శక్తినే. అందుచేత ఇంజినీరు డేటా అక్విజిషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కాలిక్యులేటెడ్ చానల్ తెరిచి, ఫార్ములా గడిలో ఈ ఏకపాద కావ్యాన్ని రచించాడు.

మూలం:
శక్తి = 2 × పై × వేగం × టార్క్ ÷ 60000

ప్రతిపదార్థం:
శక్తి = కిలోవాట్లలో వెలువడు ఫలము;
2 × పై = ఒక్క చుట్టునందలి రేడియన్లు;
వేగం = నిమిషమునకు తిరుగు చుట్లు, అనగా ఆర్‌పీఎం;
టార్క్ = న్యూటన్ మీటర్లలో మెలిపెట్టు బలము;
60000 = సమాసము. నిమిషాన్ని సెకన్లు చేసే 60, వాట్లను కిలోవాట్లు చేసే 1000 అని విగ్రహవాక్యం. దీన్ని కామెంటులో రాసిపెట్టనివాడికి ఆరు నెలలయ్యాక తన పద్యమే తనకు బోధపడదు.

అన్వయం: చానళ్లను పైనుంచి కిందికి లెక్కించే సాఫ్ట్‌వేర్లలో వేగం, టార్క్ ముందుండాలి. వాటి తర్వాత శక్తి. శక్తిని ఆశ్రయించిన ఇంధన వినియోగం ఆపైన. శక్తి దాన్నీ, అది శక్తినీ ఆశ్రయిస్తే అన్యోన్యాశ్రయ దోషం. ఏ సాఫ్ట్‌వేరూ క్షమించదు.

ఆక్షేపం: సగటు వేగాన్ని సగటు టార్క్‌తో గుణిస్తే చాలదా?

సమాధానం: చాలదు. ఒక క్షణాన వేగం 3200, టార్క్ 50. మరుక్షణాన వేగం 2800, టార్క్ 150 అనుకుందాం. సగటులను గుణిస్తే 31.4 కిలోవాట్లు. ఏ క్షణానికాక్షణం గుణించి సగటు కడితే 30.4. ఆ ఒక్క కిలోవాటు ఇంజిన్ ఇచ్చింది కాదు, మన తొందర ఇచ్చింది. ముందు గుణించాలి, పిదప సగటు తీయాలి. రెండు చానళ్లకూ ఒకే శాంప్లింగ్ రేటు ఇవ్వడం ఉత్తమ పక్షం. టార్క్‌కు ఒక్కదానికే ఫిల్టర్ తగిలిస్తే అది వెనకబడి, నిన్నటి టార్క్‌కు నేటి వేగంతో పెళ్లి చేసినట్టవుతుంది.

దోష విచారం:
ప్రమాణ దోషం: సెన్సర్ కేజీఎఫ్ మీటర్లలో చెబుతుంటే 9.81తో గుణించాలి. మరిస్తే ఎంతటి ఇంజినైనా పదో వంతుకు చిక్కిపోతుంది. ఇది ఎవరైనా పట్టేస్తారు.

ఖహర దోషం: సున్నతో భాగించగా వచ్చినదాన్ని భాస్కరాచార్యుడు ఖహరం అన్నాడు. లోడ్ తీసేసినా ఇంజిన్ ఇంధనం తాగుతూనే ఉంటుంది, శక్తి మాత్రం సున్న. ఇంధనాన్ని శక్తితో భాగించే చానల్ అక్కడ అనంతానికి ఎగిరి గ్రాఫును పాడుచేస్తుంది. శక్తి 1 కిలోవాటు దాటితేనే భాగించమని షరతు పెట్టడం ప్రాయశ్చిత్తం.

గూఢ దోషం: ఇంజిన్ ఆగి ఉంది, టార్క్ చానల్ ఊరికే 2 చూపుతోంది. వేగం సున్న గనుక శక్తి చానల్ నిర్మలంగా సున్నే చూపుతుంది, చూసినవారు సంతుష్టులవుతారు. 3000 ఆర్‌పీఎం అందుకోగానే ఆ 2 కాస్తా 0.63 కిలోవాట్లై లెక్కలో కలిసిపోతుంది. కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు చూడవలసింది శక్తిని కాదు, టార్క్‌ను. సున్న సర్దవలసిందీ అక్కడే.

విశేషం: పైన మూలమని గౌరవించినది కూడా టీకయే. సెన్సర్లు పలికినదే అసలు మూలం. డిస్కు నిండిపోతోందని ముడి చానళ్లను సేవ్ చేయక, శక్తిని మాత్రం దాచుకునే వ్యాఖ్యాతలున్నారు. స్థిరాంకం తప్పితే వారు కూడా దిద్దుకోగలరు. టార్క్‌లో 2 ఎక్కువ పడిందని పరీక్ష ముగిశాక తెలిస్తే మాత్రం, వేగం దగ్గర లేనివాడు ఏ క్షణాన ఎంత తగ్గించాలో చెప్పలేడు.

తాత్పర్యం: ఓ ఇంజినీరూ! కొలిచినవి రెండే, మూడోది నీ మాట. ఆ రెంటినీ ముడిగానే భద్రపరుచు. సూత్రం రాయగానే 3000 ఆర్‌పీఎం, 100 న్యూటన్ మీటర్లు ఇచ్చి చూడు, 31.4 రావాలి. రాకపోతే మెకానిక్‌ను పిలవకు, ఫార్ములా గడి మళ్లీ తెరువు.